చిన్నకత్తి తీసేసిన నవ్వు

మా తమ్ముడి కూతురు సాధించిన మొదటి విజయం ఆరు పేజీల సంభాషణ. జపాన్‌లో కత్తుల కథలు గీసే ఒక బొమ్మల ఆయన ఏళ్ల తరబడి ఎవరికీ ముఖం చూపించకుండా ఉండి, చివరికి ఒక పత్రికవాళ్ల దగ్గర నోరు విప్పితే, ఆ మాటలను మన భాషలోకి తెచ్చిన మొదటి మనిషి మా పిల్ల. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. దుకాణంలో మేక పక్కటెముకలు కొడుతుంటే కత్తి జారి ఎడమ బొటనవేలు గోరుతో సహా సగం లేచిపోయింది. ఆ వేలికి కట్టు కట్టుకుని, కట్టు తడిసినప్పుడల్లా గుడ్డ మార్చుకుంటూ రాసింది. ఇదేమిటే, ముందు వేలు మాననియ్యి అని మా ఆవిడ అంటే, ఆయన ఇన్నేళ్లకు మాట్లాడాడు పెద్దమ్మా, వేలికి ఇప్పుడే తొందరేముంది అందట. ఆ ఆరు పేజీలను మొదటి వారంలోనే ఫోన్లలో వేలమంది చదివారు.

మన మార్కెట్ సంఘం సంచికలో ఈ ఏడు ఆమె గురించి వెయ్యాలని తీర్మానం అయింది. నన్ను రాయమన్నారు. నేను ఊరి బడిలో ఐదో తరగతితో ఆపినవాణ్ణి, ఆ తర్వాత చేతికి వచ్చింది కలం కాదు, కత్తి. అయినా ఆ పిల్ల గొప్పతనం చెప్పడానికి నాకంటే హక్కున్నవాడు లేడు. పైగా తన గురించి తాను చెప్పుకోవడానికి ఆమె ఇప్పుడు ఇక్కడ లేదు.

కాగితాల మీద ఆమెకు మంచి పేరే ఉంది. మార్కెట్లో మాత్రం అందరికీ చిన్నకత్తి. ఎముక నుంచి మాంసం ఒలిచే సన్న కత్తిని పదేళ్లప్పుడు నా చేతిలోంచి లాక్కుని, నేను చేస్తే అరచెయ్యంత మాంసం ఎముకకే మిగిలిపోయే తొడను, నాలుకతో నాకినట్టు శుభ్రం చేసి పెట్టింది. అప్పటి నుంచి ఆ పేరే నిలిచింది.

ఆమె తండ్రి, అంటే నా తమ్ముడు, మన మార్కెట్లోనే పోయాడు. దుకాణాల మధ్య గోడకు పక్కనున్న కోళ్లవాడు కొక్కేలు దిగ్గొట్టాడు, తమ్ముడు పీకి పారేశాడు. వాడు మళ్లీ కొట్టాడు, తమ్ముడు మళ్లీ పీకాడు. మూడోసారి వాడు కొక్కెం వదిలేసి కత్తి తీశాడు. డొక్కలో దిగిన కత్తిని తిప్పి మరీ లాగాడు. తమ్ముడు రెండు చేతులతో కడుపు పట్టుకుని, జారిపోతున్న పేగుల్ని లోపలికి తోసుకుంటూ మంచుపెట్టె దాకా నడిచి వచ్చాడు. ఆ మంచుపెట్టె మీద కూర్చుని ఉంది ఏడేళ్ల పిల్ల. తండ్రి ఆమె కాళ్ల మీదే కూలిపోయాడు. నేను కబేళా నుంచి వచ్చేసరికి మంచు ఎర్రగా కరిగి కాలువలో పోతోంది. చుట్టూ జనం ఉన్నారు. అందరూ తలలు వంచుకుని తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు. ఇది చదివేవాళ్లలో కొందరు ఆ రోజు అక్కడే ఉన్నారు. ఎవర్నీ తప్పు పట్టడానికి రాయడం లేదు, ముందు జరగబోయే దానికి కావాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత పిల్లకు మాట పడిపోయింది. డాక్టరు చూశాడు, మంత్రం వేసేవాడు చూశాడు, ఇద్దరూ వస్తుందన్నారు, రాలేదు. మాంసం పొట్లాలకు మేము చిత్తుకాగితం బస్తాల లెక్కన తెప్పించేవాళ్లం. అందులో ఏ దేశం కాగితం ఉండేదో ఎవడికీ తెలియదు. ఒక బస్తాలో ఇటుక మందాన ఒక బొమ్మల పుస్తకం వచ్చింది, అట్ట లేదు. పొట్లాలు చుట్టడానికి నేను పేజీలు చింపుతుంటే పిల్ల వచ్చి నా ముంజేతిని పళ్లతో కరిచింది. మచ్చ ఇప్పటికీ ఉంది. నా చేతిలోని పేజీ లాక్కుని నేల మీద పరిచి వేలితో చూపించింది. ఓడరేవు పక్కన ఏదో సంత. మధ్యలో పొట్టలో కత్తి దిగిన మనిషి. చుట్టూ గుంపు. ఒక్కొక్కరికీ ఒక్కో ముఖం గీశాడు ఆ బొమ్మలాయన. అందరి కళ్లూ వాళ్ల వాళ్ల కాళ్ల మీదే ఉన్నాయి.

అప్పుడు పిల్ల నోరు తెరిచింది. నెలల తర్వాత మొదటి మాట.

"పెదనాన్నా, ఈయన ఆ రోజు మన దగ్గర ఉన్నాడా?"

లేడమ్మా, వేరే దేశం అతను అన్నాను. నమ్మలేదు. ఉండకుండా ఎలా తెలుస్తుంది అంది. ఆ రోజు నుంచి ఆ మనిషి వెనకపడింది. ఆయన ఏం గీశాడు, ఎప్పుడు ఆపాడు, చెయ్యి నొప్పి వచ్చి ఎన్నాళ్లు మంచాన పడ్డాడు, ఎవరితో ఏమన్నాడు, అన్నీ ఆమెకు కావాలి. సొంత మేనమామ ఎక్కడుంటాడో తెలియదు కానీ, జపాన్‌లో ఆయన ఏ చేత్తో కుంచె పడతాడో తెలుసు.

భాష నేర్చుకోవడం ఇంకో యుద్ధం. పళ్ల డాక్టరు మేడ మీద గదిలో జపాను భాష నేర్పే టీచరమ్మ ఉండేది. కసాయి పిల్లకు ఎందుకమ్మా ఈ భాష అని అడిగితే, పిల్ల జవాబు చెప్పకుండా రోజూ ఒక సంచి ఎముకలు తీసుకెళ్లి టీచరమ్మ కుక్క ముందు పోసేదట. కుక్క బలిసింది, పిల్లకు అక్షరాలు వచ్చాయి. ఎవరి లాభం ఎక్కువో ఇప్పటికీ తేలలేదని టీచరమ్మ నవ్వుతుంది.

ఆ బొమ్మల కథ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కథలో ఒక కసాయి అక్క ఉంటుంది. ఆమె ఊరిని తగలబెట్టినవాడు ఒంటికన్ను సేనాని. వాడు పసిపిల్లల్ని బావిలో పడేయించినవాడు. ఆమె అతని మనుషుల్ని ఒక్కొక్కణ్ణే మొద్దు మీద వేసి నరుకుతుంది. నేను వయసంతా మాంసం మధ్యనే గడిపినవాణ్ణి, ఆ పేజీలు తిప్పుతూ నేనే రెండుసార్లు పుస్తకం మూసి పెట్టాను. ఎముక విరిగేచోట ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. చచ్చేవాడు సినిమాలోలాగా మాటలు చెప్పడు, చెప్పు వెతుక్కుంటాడు. చిత్రమేమంటే, ఆ సేనానికి కూడా భక్తులున్నారు. వాడు ఎంత దుర్మార్గుడో అంత దిక్కులేనివాడు. వాడి కన్ను పీకింది వాడి కన్నతండ్రే. అది చదివి ఏడ్చినవాళ్లు లోకమంతా ఉన్నారు.

మన మార్కెట్ వెనక వీధిలో వ్యాయామశాల నడిపే కండల మాస్టారు వాళ్లలో ఒకడు. వాడికీ చిన్నప్పుడు తండ్రి చేతి దెబ్బలు ఎక్కువే, ఎడమ చెవి వినపడదు. కుడి ముంజేతి మీద సేనాని ముఖం పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. పిడికిలి బిగిస్తే ఆ ఒంటికన్ను పెద్దదయ్యేది. ఊళ్లోని అభిమానుల గుంపుకు వాడే పెద్ద. చిన్నకత్తి తెచ్చిన ఆరు పేజీల్ని బరువులెత్తే బల్లమీద నిలబడి అందరికీ చదివి వినిపించాడు. ఆమెను చెల్లీ అని పిలిచేవాడు. చెల్లి లేకపోతే గురువుగారి మాట మనకెక్కడిది అని కుర్రాళ్లకు చెప్పేవాడు.

ఇక రెండో విజయం. జపాను పత్రికలకు ఒక అలవాటు ఉంది. మాట్లాడే మనిషి ఎక్కడైనా నవ్వితే, ఆ మాట పక్కన బ్రాకెట్లో నవ్వు అని ఒక్క అక్షరం వేస్తారు. చదివేవాడికి అదొక సైగ, ఇది సరదాకన్న మాట అని. అనువాదం చేసేవాళ్లు కూడా దాన్ని అలాగే ఉంచుతారు. ఒకసారి ఆ బొమ్మలాయన ఏదో సభలో మాట్లాడుతూ, చిన్నప్పుడు తన వేళ్లను తలుపు సందులో పెట్టి నొక్కిన వాళ్ల అన్న గురించి చెప్పాడు. పత్రికలో ఆ మాట పక్కన నవ్వు ఉంది. చిన్నకత్తి ఆ సభ వీడియో సంపాదించి చూసింది. ఆయన నవ్వలేదు. పెదవి కూడా కదలలేదు. పత్రికవాళ్లే మాట మెత్తబడుతుందని నవ్వు అతికించారు. చిన్నకత్తి ఆ అక్షరం తీసేసి, ఎందుకు తీశానో కింద రాసింది. జపాన్‌లో కూడా ఎవరో అదే పట్టుకున్నారు. తర్వాతి సంచికలో పత్రికవాళ్లు సవరణ వేసుకున్నారు. ఎక్కడి మన మాంసం కొట్టు, ఎక్కడి జపాను పత్రిక. నేను ఆ రోజు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఈ సంగతి చెప్పి, సగం మందికి తప్పు తూకం ఇచ్చాను.

ఆ విజయమే ఆమెకు గొయ్యి తవ్వింది.

తర్వాతి ఏడు ఆ బొమ్మలాయన ఇంకో పత్రికతో మాట్లాడాడు. దీనికి వీడియో లేదు, అచ్చు మాత్రమే. ఒంటికన్ను సేనానిని ఇష్టపడేవాళ్లకు మీరేం చెబుతారు అని వాళ్లు అడిగారు. ఆయన చెప్పాడు: వాళ్లు మా ఇంటికి వస్తే తలుపు తీస్తాను, చేతిలో కత్తి ఉంటుంది. పక్కన బ్రాకెట్లో నవ్వు. చిన్నకత్తి ఆ నవ్వు తీసేసింది. ఈసారి కింద కారణం కూడా రాయలేదు.

అంతే, పుట్ట కదిలింది. గురువుగారే మమ్మల్ని పొడుస్తానన్నాడని సేనాని భక్తులు, సరిగ్గానే అన్నాడని అక్క భక్తులు. ఫోన్లలో మొదలైన తిట్లు వీధిలోకి వచ్చాయి. వ్యాయామశాల తలుపు మీద ఎవరో ఎర్రరంగుతో కత్తి గీసిపోయారు. రెండు గుంపుల కుర్రాళ్లు బస్టాండు వెనక ఇనుపకడ్డీలతో కొట్టుకున్నారు. ఒకడి దవడ రెండు ముక్కలైంది, ఇంకొకడి మోకాలి చిప్ప పగిలింది. అంతా పెళ్లి కావలసిన కుర్రాళ్లు.

కండల మాస్టారు మొదటిసారి ఒక్కడే వచ్చాడు. మర్యాదగా మొద్దు అవతల నిలబడ్డాడు.

"ఒక్కటి చెప్పు చెల్లీ. ఆయన నన్ను పొడుస్తానన్నాడా, నాతో కలిసి నవ్వాడా?"

"నవ్వలేదన్నా."

"పత్రికలో నవ్వు ఉందిగా. ఆ ఒక్క అక్షరం నాకూ తెలుసు."

"పత్రికలవాళ్లు అతికిస్తారు. ఇంతకు ముందూ అతికించారు."

"నువ్వు విన్నావా?"

"వినక్కర్లేదు. కత్తి మాట చెప్పి నవ్వే మనిషి కాదు ఆయన."

వాడు పచ్చబొట్టు రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది.

రెండోసారి ఇద్దరు కుర్రాళ్లతో వచ్చాడు. పొద్దుటి బేరం జోరుగా ఉంది. ఈసారి చెల్లి లేదు, అన్న లేదు. చిన్నకత్తి జుట్టు పట్టుకుని ముఖాన్ని మొద్దుకేసి కొట్టాడు. పన్ను ఒకటి విరిగి కైమాలో పడింది. ఫోను తీసి ఆమె కళ్ల ముందు పెట్టి, నవ్వాడని రాయి, ఇప్పుడే రాయి అన్నాడు. ఆమె నోట్లోని రక్తం ఆ ఫోను మీదే ఉమ్మింది. ఒక కుర్రాడు ఆమె ఎడమ చేతిని మొద్దు మీద పరిచి పట్టుకుంటే, రెండోవాడు తూకం రాయి ఎత్తి వేళ్ల మీద దించాడు. రెండు వేళ్లు. ఆ చప్పుడు నాకు తెలుసు. మేకకైనా మనిషికైనా ఒకటే. నేను కొక్కెం కర్ర తీసుకుని వెళ్లాను, ఏం లాభం, ఈ వయసులో. ఒక్క తన్నుకు పక్కటెముక విరిగి నేలమీద పడ్డాను. పడి చూస్తే నాకు కనిపించినవి కాళ్లు. చుట్టూ నిలబడ్డ జనం కాళ్లు. ఎవరి కళ్లు ఎక్కడున్నాయో నాకు తెలిసిపోయింది.

"రాస్తావా, మిగతా వేళ్లు కూడా కావాలా?"

"ఆయన నవ్వలేదు," అంది చిన్నకత్తి. విరిగిన పంటితో ఆ మాట ఈలలా వచ్చింది.

వాడు మళ్లీ ఆమె తల ఎత్తాడు కొట్టడానికి. ఆమె కుడి చెయ్యి మొద్దు కిందికి వెళ్లింది. ఆ సన్న కత్తి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు, వాడి ముంజెయ్యి తెరుచుకోవడం చూశాను. మోచెయ్యి దగ్గర మొదలై మణికట్టు దాకా, పచ్చబొట్టు మధ్యలోంచి, ఒకే గీత. నరాలు తెగి వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. రక్తం వేలాడదీసిన మాంసం మీదికి, తక్కెడలోకి, పైన తిరిగే పంకా రెక్కల మీదికి చిమ్మింది. పంకా దాన్ని మళ్లీ మా అందరి మీదా చల్లింది. కుర్రాళ్లిద్దరూ పారిపోయారు. కండల మాస్టారు మోకాళ్ల మీద కూలబడి, తెగిన చేతిని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

అక్కడితో ఆపి ఉంటే ఆమె ఈ రోజు ఇంట్లో ఉండేది. ఆపలేదు. మొద్దు దాటి వచ్చి, మోకాళ్ల మీద ఉన్నవాణ్ణి భుజంలో ఇంకోసారి పొడిచింది. పిడి దాకా దిగింది. పొడిచి, చుట్టూ ఉన్న జనాన్ని ఒక్కొక్కరినీ చూసింది. తలెత్తండి అంది. పెద్దగా అనలేదు. కానీ ఎత్తారు.

కోర్టులో మొదటి దెబ్బను ఆత్మరక్షణ కింద లెక్కగట్టారు. రెండో దెబ్బకు మూడేళ్లు వేశారు. ఆ కుర్రాళ్లిద్దరికీ చెరో ఏడాది, కండల మాస్టారిని తెగిన చెయ్యి చూసి జరిమానాతో వదిలేశారు. కండల మాస్టారు భుజం మానింది కానీ మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. కుట్లు విప్పాక చూస్తే పచ్చబొట్టులో సేనానికి ఉన్న ఒక్క కన్నూ పోయింది. మార్కెట్లో కొందరు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

జైల్లో కత్తి పట్టుకోనివ్వరు. వంటశాలలో ఉడికిన దుంపల తొక్క గోళ్లతో తీసే పని ఇచ్చారు ఆమెకు. మొదటి నెలలోనే ఒక పాత ఖైదీ బకెట్టుతో తల పగలగొట్టింది, పడుకునే చోటు దగ్గర తగాదా. గుండు గీసి ఏడు కుట్లు వేశారు. ఆ గుండుతోనే, దుంపలు ఒలుస్తూ, కసాయి అక్క కథను రోజుకింత చొప్పున చెప్పడం మొదలుపెట్టింది. బకెట్టుతో కొట్టినామె ఇప్పుడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంటుందట. వార్డెనమ్మ తలుపు దగ్గర నిలబడి, కథ చెప్పుకోవడం నిషేధం అంటూనే, నిన్న ఆ సేనాని బతికాడా పోయాడా అని అడుగుతుందట. ఇది మూడో విజయంగా రాసుకోవచ్చు.

అప్పీలు వేశాం. లాయరమ్మ గట్టి మనిషి. ఆమె వాదన అంతా ఒక్క మేకు మీద వేలాడదీసింది: వీళ్లు ఈ పిల్ల చేత ఒక అబద్ధం రాయించడానికి వచ్చి వేళ్లు విరగ్గొట్టారు, నిజం కోసం నిలబడ్డ మనిషి ఆ ఆవేశంలో రెండో దెబ్బ వేసింది. ఇది నిలిస్తే శిక్ష బాగా తగ్గుతుంది, ఫిబ్రవరికల్లా ఇంటికి వస్తుంది అంది. మా ఆవిడ గది కడిగించి, ఆమె బొమ్మల పుస్తకాలకు ఎండ తగిలించింది.

అప్పుడే ఆ రెండో పత్రికవాళ్లు తమ పాత సంభాషణలు రికార్డు చేసిన గొంతులన్నీ వినేవాళ్ల కోసం బయటపెట్టారు. అందులో ఆ కత్తి మాటదీ ఉంది. టీచరమ్మ కబురు పెట్టింది. వెళ్లాను. కుక్క పోయి చాలాకాలమైంది, దాని గిన్నె మాత్రం అక్కడే ఉంది. ఆమె రికార్డు పెట్టి వినిపించింది.

నాకు జపాను భాష ఒక్క ముక్క రాదు. ఏదో ముసలి గొంతు నెమ్మదిగా మాట్లాడింది. కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత నవ్వు. ఏ భాషవాడికైనా తెలిసే నవ్వు. కడుపులోంచి వచ్చి, ఆగక, ఆగక, చివరికి దగ్గులోకి తిరిగి, దగ్గులోంచి మళ్లీ నవ్వులోకి. చిన్నపిల్లలు తలుపు చాటున దాక్కుని నవ్వినట్టు. ఇదేనా ఆ మాట అని అడిగాను. ఇదే అంది టీచరమ్మ. మళ్లీ పెట్టించుకుని విన్నాను, ఏదైనా సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

లాయరమ్మకు ఫోను చేశాను. ఆమె సంగతంతా రెండోసారి చెప్పించుకుంది. తర్వాత ఒక్కటే చెప్పింది, అప్పీలు తేలేదాకా ఎవరూ నోరు తెరవొద్దు. ఆ నవ్వు నిజమైతే, వాళ్లు వచ్చింది అబద్ధం రాయించడానికి కాదు, నిజం రాయించడానికి. అవతలి లాయరు దాన్ని పట్టుకుంటే మేకు ఊడినట్టే. అమ్మాయికి కూడా తర్వాతే చెబుదాం అంది.

నేను ఆ వారమే వెళ్లి చెప్పాను. ఆమెకు చెప్పకుండా దాచే సంగతి కాదది. ఇనుప జాలీ అవతల కూర్చుంది. జుట్టు కొంచెం పెరిగింది, విరిగిన వేళ్లు వంకరగా అతికాయి.

"ఆయన నవ్వాడమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎవరు చెప్పారు?"

"నేనే విన్నాను. టీచరమ్మ ఆయన గొంతు రికార్డు పెట్టి వినిపించింది."

"ఎలా నవ్వాడు పెదనాన్నా?"

ఎలా చెప్పను? నవ్వి చూపించాను. ఆ ములాఖత్ గదిలో, ఏడ్చేవాళ్ల మధ్య, అచ్చం ఆయనలాగే, దగ్గుతో సహా. అందరూ మా వైపు తిరిగారు. వార్డెనమ్మ లేచి నిలబడింది.

"దగ్గు ముందా, నవ్వు ముందా?"

"నవ్వే ముందు. దగ్గు తర్వాత వచ్చింది."

ఆమె కళ్లు మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. కానీ పెదవులు కదులుతున్నాయి, ఆ మాటను ఆ భాషలో తనలో తాను అనుకుంటోంది, ఈసారి నవ్వుతో. కాసేపటికి చెప్పింది, నాన్న పేగులు చూసినట్టు గీసిన మనిషి కత్తి మాటకు నవ్వుతాడని నేను అనుకోలేకపోయాను పెదనాన్నా, నవ్వకూడదనుకున్నాను. అంతకంటే వేరే కారణం లేదు.

లాయరమ్మ మాట చెప్పాను. ఫిబ్రవరి సంగతి చెప్పాను. మీ పెద్దమ్మ గది కడిగించింది అని కూడా చెప్పాను, ఆ మాటకైనా కరుగుతుందేమోనని.

"అప్పీలు నాది. మాట ఆయనది. కాగితం తియ్యి," అంది.

ఆమె చెబుతుంటే నేను రాశాను. నా అక్షరాలు తూకం రాళ్లలా ఉంటాయి, అయినా రాశాను. ఆ చోట ఆయన నవ్వారు, ఆ నవ్వును తీసేసింది నేను, వినకుండానే తీసేశాను, పత్రికలో ఉన్నదే సరైనది. సేనాని కోసం ఏడ్చినవాళ్లను ఆయన పొడుస్తాననలేదు, వాళ్లతో పరాచికం ఆడారు. ఇది చదివినవాళ్లు పాత పేజీని ఎక్కడ దాచుకున్నా దిద్దుకోండి. ఇంతే. చెయ్యి విరిగిందని గానీ, జైల్లో ఉన్నానని గానీ ఒక్క మాట పెట్టనివ్వలేదు. అది నేను నా పెత్తనం కొద్దీ కలపబోతే, అనువాదంలో సొంత మాటలు కలపకూడదు పెదనాన్నా, దానివల్లే ఇంత జరిగింది అంది.

టీచరమ్మ ఆ సవరణను అభిమానుల గుంపులో పెట్టింది. కొందరు మెచ్చుకున్నారు. ఇంకెప్పుడూ ఈమె రాసింది చదవం అన్నవాళ్లూ ఉన్నారు, దవడ పగిలిన కుర్రాడి తల్లి మా దుకాణం ముందుకొచ్చి దుమ్మెత్తి పోసింది. మాటలు పడ్డాను. అవతలి లాయరు ఆ సవరణను అచ్చు వేయించి జడ్జి ముందు పెట్టాడు. అప్పీలు కొట్టేశారు. లాయరమ్మ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు.

తీర్పు వచ్చిన వారం కండల మాస్టారు దుకాణానికి వచ్చాడు. నా చెయ్యి దానంతటదే కత్తి మీదికి వెళ్లింది. వాడు చూశాడు, కదల్లేదు.

"నిజంగా నవ్వాడా పెద్దాయనా?"

"నవ్వాడు."

"ఎలా?"

వాడికి మాత్రం నేను నవ్వి చూపించలేదు. టీచరమ్మ ఇల్లు ఎక్కడో చెప్పాను. తర్వాత తెలిసింది, ఆ గదిలో కూర్చుని, వినపడే చెవిని ఆనించి విన్నాడట. వింటూ, ముడుచుకోని చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆయనతో పాటు నవ్వాడట. మళ్లీ మా వైపు రాలేదు. వస్తే నేనేం చేస్తానో నాకు తెలియదు, కాబట్టి రాకపోవడమే మంచిది.

నేను రాసిన విజయాలన్నిటిలో ఆ సవరణే పెద్దది. ఎక్కువమంది చదివినది మొదటిదే కావచ్చు, జపాను పత్రిక తల వంచినది రెండోదే కావచ్చు. సొంత చేతిని తానే మొద్దు మీద పెట్టుకున్నది మాత్రం ఈ ఒక్కసారే.

ఆ బొమ్మలాయన కథ ముగించాడు. కసాయి అక్క, సేనాని ఇద్దరూ ఏమయ్యారో టీచరమ్మకు తెలుసు, జైల్లో కథ వినేవాళ్లకు ఇంకా తెలియదు. ముగింపు గురించి ఆయన మాట్లాడిన పెద్ద సంభాషణ ఒకటి అచ్చయి వచ్చింది. గొంతు కూడా ఉందట. మీరే మన భాషలోకి మార్చి పెట్టండి అని గుంపులోని పిల్లలు టీచరమ్మను అడిగితే, నాకు భాష వచ్చు, ఆయన రాడు, ఆయన చిన్నకత్తికే వస్తాడు అందట ఆమె. ఆ పత్రిక, వినే యంత్రం, కొత్త కలం చిన్నకత్తి బల్లమీద పెట్టాం. మా ఆవిడ గదిని మళ్లీ కడిగించింది. సన్న కత్తి పోలీసులు ఇవ్వలేదు, ఇంకొకటి సానపట్టి మొద్దు కింద ఉంచాను. అది మాంసానికి మాత్రమే అని ముందే చెబుతాను.

ఫిబ్రవరి వెళ్లిపోయింది. చిన్నకత్తి శిక్ష తీరి ఇంటికి వచ్చేది నవంబరు పంతొమ్మిదిన.